లేత గులాబీ రంగు జెండా

2003లో పెళ్లయి ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో నన్ను ఒకాయన బాతు అన్నాడు. డెర్బీలో బస్సు డ్రైవరు. టికెట్ చేతికిస్తూ "ఏ అప్, మి డక్" అన్నాడు. ఇంటికొచ్చి మావారిని అడిగితే పగలబడి నవ్వారు. ఈ వైపు అందరూ అందరినీ అలాగే అంటారట, మనం "ఏమ్మా", "ఏం నాయనా" అన్నట్టు. నాలుగు రోజుల్లో అలవాటైపోయింది. ఇప్పుడు నేనే అప్పుడప్పుడూ అంటుంటాను.

ఇక్కడి జెండా మాత్రం అంత తొందరగా అలవాటు కాలేదు.

జెండా అంటే మనకు బాగా తెలిసిన యూనియన్ జాక్ కాదు. అది మొత్తం యునైటెడ్ కింగ్‌డమ్‌ది. ఇంగ్లండ్‌కి విడిగా ఇంకోటుంది, తెల్ల గుడ్డ మీద ఎర్రటి ప్లస్ గుర్తు. సెయింట్ జార్జి శిలువ అంటారు. 2004 జూన్‌లో యూరో ఫుట్‌బాల్ పోటీలప్పుడు ఎక్కడ చూసినా అదే. కార్ల కిటికీలకు చిన్న ప్లాస్టిక్ పుల్లలకు గుచ్చి పెట్టుకునేవారు. ఓ సాయంత్రం కూరగాయల సంచి పట్టుకుని బస్టాపులో నిలబడి ఉన్నాను. రెండు వైపులా జెండాలున్న కారొకటి నా ముందుకొచ్చి స్లో అయింది. లోపల నలుగురు కుర్రాళ్లు. వాళ్లు అరిచిన వాటిలో రాయదగ్గది "మీ దేశానికి పో" అన్నదొక్కటే. కారు వెళ్లిపోయాక కూడా ఆ జెండాల టపటప చెవుల్లో వినపడుతూనే ఉంది. ఆ నెలలోనే ఇంగ్లండ్ పోర్చుగల్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. అబద్ధం ఎందుకు, నాకు లోలోపల హాయిగా అనిపించింది. పోర్చుగల్ వాళ్లూ తరాలుగా ఈ జార్జినే కొలుస్తారని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రాత్రి ఆయన ఎవరి మొర వినాలో తెలీక తికమకపడి ఉంటాడు.

ఆ ఏడాది చివర్లో ఊరి శివార్లలో ఓ ఇంటికి మారాం. రెండిళ్లకూ మధ్యలో ఒకటే గోడ, వాళ్లు మెట్లెక్కితే మనకు వినపడుతుంది. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దాయన. డెర్బీ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు, భార్య పోయి నాలుగేళ్లయింది. మొదటి రోజే పేరు చెప్పి, పేరు పెట్టే పిలవమన్నారు. డెబ్బై ఏళ్ల మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. "హలో" అని ఊరుకునేదాన్ని. పదిహేనేళ్లపాటు ఆయన్ని హలో అనే పిలిచాను.

2005 ఏప్రిల్ 23, శనివారం. నాకప్పుడు ఏడో నెల. పొద్దున్నే కర్టెన్ తీస్తే ఆయన మేడ కిటికీలోంచి ఆ జెండా వేలాడుతోంది. బస్టాపు దగ్గరి సాయంత్రం మొత్తం కళ్ల ముందు తిరిగింది. కర్టెన్ మూసేసి, మావారిని లేపి, "ఇల్లు అమ్మేద్దాం" అన్నాను. కొని ఆరు నెలలు కాలేదు! ఆయన అటు తిరిగి పడుకున్నారు.

సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే పక్కింటాయన. ఇస్త్రీ చేసిన కోటు, దాని మీద గుడ్డతో చేసిన ఎర్ర గులాబీ, చేతిలో నా స్టీలు గిన్నె. రెండు వారాల ముందు ఉగాదికి పచ్చడి పెట్టి పంపిన గిన్నె అది. ఎండు వేపపువ్వు ఇండియా నుంచి తెచ్చుకున్నది, మామిడికాయ దొరక్క పుల్లటి ఆపిల్ కోసి వేశాను. తిన్నారో, పారబోశారో నేను అడగలేదు. గిన్నెలో తన పెరట్లో పండిన రూబార్బ్ కాడలు ముక్కలుగా కోసి పెట్టారు. వాళ్లు దాన్ని పంచదారతో ఉడికించుకుని తింటారు. నేను ఓ ముక్క కొరికి చూశాను. అచ్చం గోంగూర పులుపు. ఆ రాత్రే పప్పులో వేశాను. అది వేరే కథ, కానీ ఈ దేశంలో నాకు దొరికిన మొదటి పుల్లటి పప్పు అదేనని చెప్పకుండా ఉండలేను.

లోపలికి రమ్మని టీ ఇచ్చాను. ధైర్యం చేసి, జెండా ఎందుకు పెట్టారని అడిగాను. ఇవాళ సెయింట్ జార్జి డే, మా పండగ అన్నారు.

సెయింటు పండగ అంటే నాకు గుణదల. విజయవాడలో పుట్టి పెరిగినదాన్ని. ఫిబ్రవరి 11 వచ్చిందంటే మేరీమాత తిరునాళ్లకు ఊరు ఊరంతా కదిలేది. కొండ మెట్ల పొడుగునా కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, తలనీలాలు, చెరుకు గడలు, రంగుల రాట్నాలు. మా పక్కింటి వైదీకుల పిల్లలూ వచ్చేవాళ్లు. అందుకని అమాయకంగా వరసపెట్టి అడిగాను. సెలవుందా? లేదు. ఊరేగింపు? కొన్ని ఊళ్లలో ఉంటుంది, ఇక్కడ స్కౌటు పిల్లలు ఆదివారం నడుస్తారు. మరి ఏం వండుకుంటారు?

ఆయన చాలాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, కప్పు సాసర్లో పెట్టి మరీ. చివరికి, ఏమీ లేదు, మా ఆవిడ ఉన్నప్పుడు చేపలూ చిప్సూ తెచ్చుకునేవాళ్లం అన్నారు. అదీ శుక్రవారమైతేనే!

పిండివంట లేని పండగ నేనెప్పుడూ వినలేదు.

కోటు మీద గులాబీ సంగతి అడిగాను. ఎర్ర గులాబీ ఇంగ్లండ్ పువ్వు, ఈ రోజున పెట్టుకోవాలి. అయితే ఏప్రిల్లో ఇక్కడ గులాబీలు పూయవు, జూన్ రావాలి. అందుకే గుడ్డ పువ్వు. పండగ రోజున పూయని పువ్వుని పండగ పువ్వుగా పెట్టుకున్నవాళ్లం మేమే అని ఆయనే నవ్వారు. ఆ నవ్వుతో నా టెన్షన్ సగం పోయింది.

వెళ్లేముందు గుమ్మంలో ఆగి, "పొద్దున మీ కర్టెన్ చూశాను" అన్నారు. నేనేం మాట్లాడలేదు. ఆ జెండాని మా ఇంట్లోంచి ఎవరో ఎత్తుకుపోయి పాడు పనులకు వాడుతున్నట్టుంటుంది, అందుకని ఏడాదికి ఒక్కరోజు బయటికి తీస్తాను, పొద్దున పెట్టి పొద్దుగూకగానే దించేస్తాను అన్నారు. అన్నట్టే ఎనిమిదిన్నర ప్రాంతంలో దించేశారు. కిటికీ మూసిన చప్పుడు గోడ అవతలి నుంచి వినపడింది.

అప్పటినుంచీ నేనూ ఆ జార్జి ఎవరో తెలుసుకోవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే ఆయన ఇంగ్లండ్‌లో కాలు పెట్టినవాడే కాదు. రోమన్ సైన్యంలో పనిచేశాడని, ఇప్పటి టర్కీలోని కప్పడోకియా వాడని చెబుతారు. 303 ప్రాంతంలో డయొక్లీషియన్ చక్రవర్తి కాలంలో క్రైస్తవం వదలనన్నందుకు పాలస్తీనాలోని లిడ్డాలో తల నరికారట. డ్రాగన్ని చంపిన కథ తర్వాత వందల ఏళ్లకు అతుక్కుంది, అదీ లిబియాలో జరిగినట్టు. జార్జిని తెచ్చుకోకముందు ఇంగ్లండ్‌కి ఎడ్మండ్ అనీ, ఎడ్వర్డ్ అనీ సొంత రాజులే పునీతులుగా ఉండేవారు. తర్వాత వచ్చిన మూడో ఎడ్వర్డు రాజుకి యుద్ధవీరుడు కావాల్సి వచ్చి, 1348 ప్రాంతంలో గార్టర్ వీరుల బృందం పెట్టినప్పుడు జార్జిని దానికి పెద్దదిక్కు చేశాడు. ఈ కాలంలో అయితే ఆ జార్జికి వీసా వచ్చేది కాదని ఇక్కడ ఏటా ఎవరో ఒకరు జోకు వేస్తారు. వీసా ఆఫీసుల్లో నిలబడినదాన్ని కాబట్టి నాకది అంత జోకుగా అనిపించదు.

మావాడు ఆ జూన్‌లో పుట్టాడు. మాటలొచ్చాక పక్కింటాయన్ని తాతా అనమన్నాం. ఇక్కడివాళ్లకు టాటా అంటే వెళ్లొస్తాననే కదా. వీడు ఇంట్లోకి పరిగెత్తుతూ "తాతా!" అనగానే ఆయన పాపం చెయ్యి ఊపి "టాటా, డక్" అని తలుపు తీసి పంపించేవారు. వీడు ఏడుస్తూ వచ్చేవాడు. ఆర్నెల్లు ఇదే వరస. విషయం తెలిశాక ఆయన అంతగా నవ్వడం ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత వాడి పుట్టినరోజు కార్డుల మీద "టాటా" అనే సంతకం చేసేవారు.

2010 సంగతి చెప్పాలి. వాడు బళ్లో మొదటి తరగతి కంటే ముందుండే రిసెప్షన్‌లో ఉన్నాడు. ఏప్రిల్ 23న పిల్లలు వీరుడి వేషమో, రాకుమారి వేషమో, డ్రాగన్ వేషమో వేసుకుని రావాలని చీటీ పంపారు. మావాడు డ్రాగనే అన్నాడు. నాకు కుట్టడం రాదు. మామూలుగా అయితే దుకాణంలో కొనేసేదాన్ని, కానీ ఆ ఏడు మా అమ్మ ఇక్కడే ఉంది. నిజానికి 17నే విమానం ఎక్కాల్సింది. ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలి, బూడిద ఆకాశమంతా కమ్మి, 15వ తేదీ నుంచి విమానాలన్నీ ఆగిపోయాయి. మళ్లీ టికెట్ 28కి దొరికింది. సర్దిన పెట్టెలు హాల్లో అలాగే ఉన్నాయి. ఊరగాయ సీసాలు ఖాళీ అయిన పెట్టెల్లో చాక్లెట్లు నిండాయి.

అమ్మ ఓ పెట్టె తెరిచి తన చిలకపచ్చ మంగళగిరి చీర తీసింది. వద్దంటే వినలేదు. కట్టీ కట్టీ మెత్తబడిపోయింది, వీడికి తోక అవుతుంది అంది. సోఫాలో కూర్చుని రెండు రాత్రులు చేత్తో కుట్టింది. మూరన్నర తోక, లోపల పాత దిండులోని దూది. జరీ అంచు వచ్చేలా వీపు మీదుగా రెక్కలు. నోట్లో దారం పెట్టుకుని, "ఇంతకీ ఈ రాక్షసుడేం పాపం చేశాడే?" అని అడిగేది. ఊళ్లో వాళ్లను రోజుకొకరిని తినేవాడట అని చెబితే, "బకాసురుడన్నమాట" అని తీర్మానించేసింది.

మర్నాడు పొద్దున వాడు ఆ తోక వేసుకుని వీధిలోకొస్తే పక్కింటాయన కోటు, గులాబీతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. వంగి తోక అంచు చేత్తో పట్టుకుని చూశారు. ఇంత ఖరీదైన డ్రాగన్ని చంపడానికి ఎవరికి మనసొస్తుందన్నారు. బళ్లో జరిగింది కూడా అలాంటిదే. కథ ప్రకారం జార్జి వచ్చి పొడిస్తే డ్రాగన్ పడిపోవాలి. మావాడు పడలేదట. చావనంటే చావనని హాలంతా పరిగెత్తాడట, వెనక అట్టకత్తులతో పదకొండు మంది వీరులు. ఎవరో తోక తొక్కితే చిరిగి దూది బయటికొచ్చింది. టీచరు ఆ దూది విడిగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చింది.

ఆ సాయంత్రం పక్కింటాయన్ని భోజనానికి పిలిచాం. అమ్మ సోషల్ టీచరుగా రిటైరైంది, ఇంగ్లిషు మాట్లాడదు కానీ బాగా అర్థమవుతుంది. జార్జి పేరు వినగానే "మన చెన్నపట్నం కోట ఈయన పేరు మీదేగా" అంది. ఇక మొదలెట్టింది, నేను దుబాసీని. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు కంపెనీ వాళ్లకు ఆ నేల ఇస్తేనే మీవాళ్లు సెయింట్ జార్జి కోట కట్టుకున్నారని చెప్పు. ఆయన తెలుగువాడని చెప్పు. వాళ్ల నాన్న చెన్నప్ప పేరు మీదే అది చెన్నపట్నమైందని చెప్పు. మా జిల్లాలను వందేళ్లకు పైగా ఆ కోటలో కూర్చునే ఏలారు, మొన్నమొన్నటిదాకా తమిళనాడు అసెంబ్లీ కూడా అందులోనే అని చెప్పు. అన్నీ చెప్పాను. ఆయన అన్నం కలపడం ఆపేసి విన్నారు. తను బతుకంతా జార్జి అంటే గుర్రం, డ్రాగన్ అనుకున్నారు. మాకేమో జార్జి అంటే శిస్తు.

అమ్మ అక్కడితో ఆగలేదు. ఢిల్లీ వాళ్లకు మేమంతా మదరాసీలమే, మద్రాసులోనేమో మా మాట చెల్లేది కాదు, అందుకే మా రాష్ట్రం మాక్కావాలన్నాం అంది. పొట్టి శ్రీరాములు 58 రోజులు తిండి మానేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారని, మర్నాటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని చెప్పింది. ఆయన గుప్పిట గడ్డం కింద పెట్టుకుని, భాష కోసమా అన్నారు. రెండోసారి కూడా అదే అడిగారు.

తర్వాత నెమ్మదిగా తన గోడు చెప్పారు. 1999లో స్కాట్లండ్‌కి పార్లమెంటొచ్చింది, వేల్స్‌కి అసెంబ్లీ వచ్చింది. ఇంగ్లండ్‌కి విడిగా ఏమీ లేదు. ఐర్లండ్ వాళ్ల పాట్రిక్ రోజున ఉత్తర ఐర్లండ్‌లో సెలవు, స్కాట్లండ్‌లో ఆండ్రూ రోజున సెలవు. మాకు లేదు. ఆటల్లో స్కాట్లండ్, వేల్స్ వాళ్లు తమ పాట పాడుకుంటారు, మేం రాణిగారి పాటే పాడతాం, అది అందరిదీ. అంతమందిని ఏలాక మాకింకా పండగలెందుకని అందరూ అంటారు, ఆ మాటా నిజమే అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. ఏదో వస్తువు ఎక్కడ పెట్టామో గుర్తురాక ఇల్లంతా వెతికే మనిషిలా ఉన్నారు. బయటివాళ్లు ఇంగ్లిష్, బ్రిటిష్ ఒకటే అనుకుంటారు. మమ్మల్ని మదరాసీ అన్నప్పుడు మా నాన్నకు ఒళ్లు మండేది కదా, ఇదీ అలాంటిదేనా అని నాకు అప్పుడే మొదటిసారి తోచింది. అయితే ఒక తేడా ఉంది. మమ్మల్ని ఆ పేరు పెట్టి పిలిచింది పక్కవాళ్లు. వీళ్లు పెద్ద పేరు తామే పెట్టుకుని, చిన్న పేరు అందులో పోగొట్టుకున్నారు.

మీకు పాట ఉందా అని అడిగారు. అమ్మ లేచి నిలబడింది. బళ్లో నలభై ఏళ్లు ప్రేయర్ చేయించిన అలవాటు. నన్నూ లేపింది. ఇద్దరం మా రాష్ట్ర గీతం మొత్తం పాడాం, డెర్బీలో, ఎంగిలి చేతులతో. మావాడు చిరిగిన తోకతో మధ్యలో నిలబడ్డాడు. ఆయనా నిలబడ్డారు.

2011 మార్చిలో జనాభా లెక్కల కాగితం వచ్చింది. మీ జాతీయత ఏమనుకుంటున్నారని ఓ ప్రశ్న. ఎన్నింటికైనా టిక్కు పెట్టొచ్చు. ఇంగ్లిష్, వెల్ష్, స్కాటిష్, ఉత్తర ఐరిష్, బ్రిటిష్. మాకప్పటికి ఇక్కడి పాస్‌పోర్టులు వచ్చేశాయి, మావారు మా ఇద్దరికీ బ్రిటిష్ అని టిక్కు పెట్టేశారు, వాళ్లాఫీసు ఫారాలు నింపినంత సులువుగా. పిల్లవాడి దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది. వీడు ఇక్కడే పుట్టాడుగా, ఇంగ్లిష్ కూడా పెట్టనా అన్నారు. నేను వద్దన్నాను. ఎందుకంటే చెప్పలేకపోయాను. బ్రిటిష్ అనేది కాగితం, అది సంతకం పెడితే వస్తుంది. ఇంగ్లిష్ అనేది వాళ్ల ఇంటిపేరు లాంటిది, మనం పెట్టేసుకుంటే ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని భయం.

వాడికి ఆ భయం లేదు. ఎనిమిదేళ్లకు స్కౌట్లలో కబ్స్‌లో చేరాడు. సెయింట్ జార్జి స్కౌట్లకూ పెద్దదిక్కే. ఏటా ఏప్రిల్లో ఓ ఆదివారం జెండాలు పట్టుకుని చర్చి దాకా నడుస్తారు. ప్రమాణంలో దేవుడు అనే చోట హిందువుల పిల్లలు నా ధర్మం అనొచ్చట. వాడు గట్టిగా, అచ్చం డెర్బీ యాసలో "మై ధర్మ" అంటుంటే పేవ్‌మెంటు మీద నేనూ, గులాబీ పెట్టుకున్న పక్కింటాయనా చప్పట్లు కొట్టాం. వాన పడుతోంది. ఆ రోజు ఎప్పుడూ వానే.

క్రికెట్ మాట ఎత్తకపోతే మనవాళ్లు ఊరుకోరు. 1990లో నార్మన్ టెబిట్ అనే రాజకీయ నాయకుడు, వలస వచ్చినవాళ్లు క్రికెట్లో ఎవరి వైపున్నారో చూస్తే వాళ్ల మనసు తెలుస్తుందన్నాడు. ఆ పరీక్షలో మావారు ప్రతిసారీ ఫెయిలే. 2019 జూన్ 30న ఎడ్జ్‌బాస్టన్‌లో ప్రపంచ కప్పు మ్యాచ్, ఇండియా, ఇంగ్లండ్. మా హాల్లో ముగ్గురూ కూర్చున్నారు. టీవీలో స్టేడియం నీలం చొక్కాలతో నిండిపోయి ఉంది. "ఇది మా ఊరి మ్యాచేనా?" అన్నారు పక్కింటాయన. ఇంగ్లండ్ 31 పరుగులతో గెలిచింది. మావాడు వాళ్ల నాన్న మొహం చూసి నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకొచ్చి, ఫ్రిజ్ తలుపు చాటున గాల్లోకి గుద్దాడు. నేను చూశానని వాడికి తెలీదు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

2020 జనవరిలో ఆయన ఇంటి అటకలో నీళ్లు కారాయి. జెండా పెట్టిన పెట్టె తడిసి బూజు వాసన పట్టింది. ఆయన మెషీన్ పాడైంది, కాస్త ఉతికి పెడతావా డక్ అని తెచ్చిచ్చారు. అది దుకాణం జెండా కాదు, భార్య కుట్టింది. మందపాటి నూలు గుడ్డ, ఎర్ర పట్టీలు మిషన్ మీద రెండేసి కుట్లు. బూజు పోవాలని నేను వేడినీళ్లలో వేశాను. అమ్మ అయితే ముందు అంచు తడిపి రంగు పోతుందేమో చూసేది. బయటికి తీసేసరికి తెల్లదనం లేదు. ఎరుపు దిగి గుడ్డంతా లేత గులాబీ రంగు అయింది. మళ్లీ ఉతికాను. సోడా వేసి నానబెట్టాను. ఇంకెవరిదైనా అయితే బ్లీచ్ పోసేదాన్ని, ఎరుపు కూడా పోతుందని భయపడ్డాను. ఆయన కనబడినప్పుడల్లా ఇంకా ఆరలేదని చెప్పేదాన్ని. ఇంగ్లండ్ చలికాలంలో ఎవరైనా నమ్ముతారు. ఏప్రిల్‌కి చాలా టైముందిలే అనేవారు ఆయన.

ఫిబ్రవరిలో ఒక రాత్రి గోడ అవతల మెట్ల చప్పుడు వినపడలేదు. గుండెపోటు. అంత్యక్రియలయ్యాక వాళ్లమ్మాయికి విషయం చెప్పి జెండా చూపించాను. ఆమె చాలాసేపు దాన్ని పట్టుకుని, నవ్వి, మీ దగ్గరే ఉంచండి అంది. నవ్విందో ఏడ్చిందో గానీ.

ఆ ఏప్రిల్ 23 గురువారం. లాక్‌డౌన్. అప్పట్లో గురువారం రాత్రి ఎనిమిదింటికి అందరూ గుమ్మాల్లోకొచ్చి ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ల కోసం చప్పట్లు కొట్టేవారు. నెల కిందట ఇండియాలో పళ్లాలు మోగించారని అమ్మ ఫోన్‌లో చెబితే నవ్వుకున్నాను. ఇక్కడా అదే మోత. పొద్దున్నే మావాడు బీరువాలోంచి జెండా తీశాడు. వాడికి పద్నాలుగు దాటింది, నాకంటే పొడుగు. గులాబీ రంగులో ఉందిరా, నవ్వుతారు అన్నాను. "తాతా రోజు కదా" అన్నాడు. మా మేడ కిటికీలోంచి వేలాడేశాడు. నా కిటికీకి ఆ జెండా! రోజంతా నాకు కాలు నిలవలేదు. నాలుగుసార్లు బయటికెళ్లి రోడ్డు అవతలి నుంచి చూసొచ్చాను.

ఎనిమిదింటికి గరిటె, మూకుడు పట్టుకుని బయటికొచ్చాం. పక్కిల్లు చీకటిగా ఉంది. ఎదురింటావిడ చప్పట్లు కొడుతూ కొడుతూ పైకి చూసి, "అది పింక్ రంగా?" అని అరిచింది. అవునని అరిచాను. ఆవిడ బొటనవేలు చూపించి మళ్లీ చప్పట్లలో పడిపోయింది. చప్పట్లయ్యాక మావాడు మేడ మీదికెళ్లి జెండా దించేశాడు. చీకటి పడితే ఉంచకూడదని వాడికి నేను చెప్పలేదు.

2021 జనాభా లెక్కలు కంప్యూటర్లోనే నింపాం. ఈసారి ఆ ప్రశ్నలో బ్రిటిష్ అన్నది మొదట పెట్టారు. ఇంగ్లండ్, వేల్స్‌లో కేవలం ఇంగ్లిష్ అని రాసుకున్నవాళ్లు 2011లో 57.7 శాతం ఉంటే ఈసారి 14.9 శాతమే వచ్చారని తర్వాత చదివాను. కేవలం బ్రిటిష్ అన్నవాళ్లు 54.8 శాతం. వరస మార్చినందుకే కాబోలు చాలామంది పైనున్నదానికి టిక్కు పెట్టేశారు. ఇంతేనా అనిపించింది. మావాడు మాత్రం తన వంతు తనే నింపుతానని లాప్‌టాప్ లాక్కుని రెండింటికీ పెట్టాడు. నా దగ్గరికొచ్చేసరికి "నీకు కూడా పెట్టనా?" అని అడిగాడు. నేను టీ పెట్టడానికి లేచాను.

ఆ జులై 11న వెంబ్లీలో యూరో ఫైనల్, ఇటలీతో. మళ్లీ పెనాల్టీలే. తప్పిన ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్లు, వాళ్లలో ఒకడికి పందొమ్మిదేళ్లు. ఆ రాత్రి నుంచి వాళ్లను ఎంతెంత మాటలన్నారో లోకమంతా చూసింది. తెల్ల చొక్కా వేసుకుని మావాడు మెట్ల మీద కూర్చుని ఫోన్ చూస్తూ ఉండిపోయాడు. 2004లో బస్టాపు దగ్గర జరిగింది వాడికి అప్పటిదాకా చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను. అంతా విని, "వాళ్లకు ఆ జెండా ఎవరిచ్చారు?" అన్నాడు.

2025 ఆగస్టులో ఇక్కడ చాలా ఊళ్లలో రాత్రికి రాత్రి దీపస్తంభాలకు జెండాలు వెలిశాయి, చిన్న రౌండబౌట్ల మీద ఎర్ర రంగుతో శిలువలు వేశారు. కొందరు అభిమానంతో కట్టారు, కొందరు మాలాంటి వాళ్లు చూడాలని కట్టారు. ఏది ఏదో స్తంభాన్ని చూసి చెప్పలేం. దుకాణం నుంచి ఇంటిదాకా పద్దెనిమిది లెక్కపెట్టాను. అన్నీ నైలాన్వి, మడతల గీతలు ఇంకా పోలేదు. చేతిలో మళ్లీ కూరగాయల సంచే. మడమలు తొందరపడ్డాయి, ఇరవై ఏళ్ల తర్వాత కూడా.

ఆ రాత్రి యూనివర్సిటీ ఊరి నుంచి మావాడు ఫోన్ చేశాడు. అక్కడా అంతేనట. కాసేపు మాట్లాడి, "తాతా జెండా జాగ్రత్తగా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. పెడదామా అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఏప్రిల్లో కదమ్మా" అన్నాడు.

ఫోన్ పెట్టేసి బీరువా తెరిచాను. చిరిగిన పచ్చ తోక కింద మడత పెట్టి ఉంది. ఒక మూల కుట్టు ఊడింది. తెల్ల దారం వేస్తే కొట్టొచ్చినట్టు కనపడుతుందని, రంగు కలిసే దారం కోసం డబ్బా అంతా వెతికాను. దొరకలేదు. కలరా ఉండలు మార్చి మళ్లీ మడత పెట్టాను. శనివారం టౌన్‌కి వెళ్లినప్పుడు చూడాలి.